ముడి వేసిన పలక

శుక్రవారం. పోటు నీళ్ళు రెండో మెట్టు దాకా

ఈ వారం కొత్త పలకలు ఏడు. రెండు బాగున్నాయి, నాలుగు పరవాలేదు, ఒకటి వినకపోయినా ఎవరికీ ఏ లోటూ లేదు. ఆ ఒకటీ పొన్నమండ అన్నదమ్ములది. పాట మధ్యలో ఎవరో తుమ్మారు. మొత్తం పాటలో తాళంలో పడింది ఆ తుమ్ము ఒక్కటే. ఇదే మాట బోర్డు మీద రాశాను. పొద్దెక్కేసరికి ఇద్దరూ పడవేసుకుని దెబ్బలాటకి వచ్చేశారు.

"ఏవండీ వీరవేణి గారూ, తుమ్మింది మా నాన్నండి. పెద్దాయన. అలా రాసేత్తారా?"

"అయితే ఇకనుంచి ఆయన్నే పాడమనండి. మీ ఇంట్లో తాళం తెలిసినవాడు ఆయనొక్కడే" అన్నాను. వాళ్ళే నవ్వేసి వెళ్ళిపోయారు. మా కాకినాడలో కోపాలు ఐసు లాంటివి, ఎండ తగిలేదాకా కూడా ఉండవు.

బోర్డు మీద ఒక్కో పలకకి మూడు వరసలే. ఎవరిది, ఎలా ఉంది, ఎన్ని మిగిలాయి. పదకొండేళ్ళుగా ప్రతి శుక్రవారం నేనే రాస్తున్నాను. ఊరు లేవగానే ముందు వీధిలోకి నీళ్ళెంత వచ్చాయో చూసుకుంటుంది, తర్వాత నా బోర్డు చూస్తుంది. మూడు వరసల్లో పట్టని వాగుడంతా ఈ పుస్తకంలో పెడుతున్నాను.

పొద్దున్నే జగన్నాథపురం ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళడం నా పని. చేపల పడవలకి పోయే దిమ్మలు ఒకవైపు, పాటల పలకలు ఒకవైపు. చివర నా గూడు ఉంటుంది, దాన్ని వినికిడి అర అంటారు. ఎవరు కొత్త పాట కట్టినా ఒక పలక నాకోసం అందులో పెట్టాలి. పళ్ళెమంత ఐసు పలక, చుట్టూ ఊక, పైన గోనెపట్టా. తిప్పుడు బల్ల మీద పెట్టి పండుగొప్ప చేప ముల్లు ఆనిస్తే పాడుతుంది. ఒక్కసారే పాడుతుంది. ముల్లు నడిచిన దారంతా కరిగిపోతూ, పాట అయ్యేసరికి గీతలు పోయి కింద గిన్నెలో నీళ్ళు మిగులుతాయి. ఆ నీళ్ళు తాగాలి. ఈ ఎండల్లో నీళ్ళు పారబోసినంత పాపం ఇంకోటి లేదు. కొందరు ఏలకులు వేస్తారు, కొందరు బెల్లం. పొన్నమండవాళ్ళు ఉప్పు వేశారు, ఎందుకో వాళ్ళకే తెలియాలి.

రెండో పలక కావాలంటే పాట మళ్ళీ మొదటినుంచి పాడాల్సిందే. పది పలకలంటే పదిసార్లు. అందుకే ఏ రెండూ ఒకలా ఉండవు.

గోనెపట్టాకి ముడి వెయ్యకూడదు. ముడి వేశారంటే అది వాళ్ళ సొంతం, ముట్టుకోవద్దని అర్థం. ఈమధ్య కుర్రకారుకి ఆ మర్యాద కూడా తెలియడం లేదు. జారిపోతుందని అన్నిటికీ ముళ్ళే. ఐసులో బిగుసుకుపోయిన ముడి విప్పలేక గోళ్ళు ఊడుతున్నాయి. చాకు ఒకటి పెట్టుకున్నాను.

సోమవారం. ఎండ

చెత్తబండి వచ్చింది. ధర్మారావు గారు కిటికీ వేసుకున్నారు.

ఆయన ఎదురింట్లో ఉంటారు. ఒకప్పుడు ఊళ్ళో ఆయన గొంతుకి పేరుండేది. మనవరాలికి జ్వరమొస్తే పెద్దవలలో ఒక్కటంటే ఒక్క జోలపాట పాడి పంపారు. ఊళ్ళ మధ్య మాటలు మోసే ఆ యంత్రాల వలకి ఒక్క పాట చాలు. ఏ గొంతు చిక్కినా మింగేసి, ఆ గొంతుతోనే తనకి కావాల్సినవన్నీ పాడించుకుంటుంది. ఇప్పుడు నాలుగు జిల్లాల చెత్తబళ్ళు ధర్మారావు గారి గొంతుతో పాడతాయి.

"నా గొంతుతోనే నన్ను తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు చెయ్యమంటందమ్మా" అన్నారు ఇవాళ. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మా ఊళ్ళో పాట కట్టేవాళ్ళు ఐసు పట్టుకున్నది అందుకే. పెద్దవల చెవి పెట్టేలోపు ఐసు కరిగిపోతుంది.

శుక్రవారం. మంచు, నీళ్ళు తక్కువ

నాలుగు పలకలు. మొదటి మూడూ వినేసరికి ఫ్యాక్టరీ అంతా పొగమంచుతో నిండిపోయింది. పొద్దుటి మంచేదో ఐసు పొగేదో తెలియలేదు. నాలుగో దాని మీద పేరు లేదు. పట్టా మామూలుగానే ఉంది. ముల్లు ఆనించాను.

లోవకుమారి గొంతు!

ఏడాదైంది ఆవిడ కొత్త పలక వచ్చి. వెనక వాయిద్యం కూడా లేదు, ఒట్టి గొంతు.

నీళ్ళొచ్చిన వీధిలోన నీడలన్నీ ఈదుతుంటే
మూడో మెట్టు మీద నేను మునగకుండా కూచున్నా
తెడ్డు చప్పుడు వింటే చాలు, దీపమెత్తే పని లేదు
తెలిసిన అడుగైతే గనక తలుపు తట్టే పని లేదు

గొంతు ఎక్కడో కొద్దిగా గీరుకుంటోంది. ఆ గీర కూడా బాగుంది. ఒక చరణమయ్యాక ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత నేను ఫ్యాక్టరీలో ఉన్నానన్న సంగతి మర్చిపోయాను. మా పాత ఇంటి అరుగు, నీళ్ళు రాకముందుది, కాళ్ళకింద వెచ్చగా తగిలింది. ఎవరో నడిచొస్తున్నారు, ఎవరో నాకు తెలుసు, తల తిప్పి చూడక్కర్లేదు. పాట అయిపోయాక కూడా ముల్లు చాలాసేపు ఒట్టి ఐసు మీద తిరుగుతూనే ఉంది. గిన్నెలో నీళ్ళు తాగాను. ఏమీ కలపలేదు, ఒట్టి నీళ్ళే.

బోర్డు మీద నా జన్మలో రాయని మాట రాశాను. "లోవకుమారి. ఇలాంటిది ఈ పదకొండేళ్ళలో వినలేదు. ఎన్ని ఉన్నాయో నూకరాజుని అడగండి." నూకరాజు ఆవిడ భర్త. ఊళ్ళో సగం పలకలు కోసేది అతనే.

సాయంత్రం

కొంప మునిగింది.

బోర్డు చూసి నలభై మంది నూకరాజు ఇంటికి పోయారట. అతను ఆస్పత్రి నుంచి అప్పుడే వస్తున్నాడట. గుమ్మం ముందు పడవలు, జనం. "పలకలెన్ని ఉన్నాయి, మాకొకటి" అని అడిగారట. అక్కడినుంచి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఆ పలక ఎక్కడుందండి?"

"తాగేశాను కదరా. కొత్తవాడిలా అడుగుతావేంటి?"

తడిసిన మెట్టు మీద అలాగే కూచున్నాడు.

"అది వినికిడికి కాదండి. నాకండి."

బుధవారం లోవకుమారి దాన్ని పాడిందట. గురువారం గొంతు కోశారట. గొంతులో కంతి, ముదిరిపోయింది, ప్రాణం నిలవాలంటే గొంతుపెట్టె తీసెయ్యాల్సిందే అన్నారట. ఎవరికీ చెప్పుకోలేదు. ఒక్కసారి పాడటానికే ఊపిరి చాలిందట, అందుకే పలక ఒక్కటే.

"ఫ్యాక్టరీలో చోటు లేదండి. రొయ్యల పడవలు దిగినియ్యి కదా, దిమ్మలతో నిండిపోయింది. మీ గూట్లో ఓ పక్కన పెట్టేనండి. ముడేసేను కదా, వీరవేణక్క ముట్టుకోదులే అనుకున్నాను."

"కోసేటప్పుడు నువ్వు వినుంటావు కదరా" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. పలక కోసేవాడు పాట వినడు. గొట్టంలోకి ఒకరు పాడుతుంటే సూది ఐసుని కోస్తుంది, పలకని తిప్పేది కింద తొక్కే కాలు. తొక్కేవాడి చెవిన పాట పడితే కాలు దానంతటదే తాళంలోకి పోతుంది, పలక ఒకచోట గబగబా ఒకచోట నెమ్మదిగా తిరిగి పాట వంకరైపోతుంది. అందుకని చెవుల్లో మైనం పెట్టుకుంటారు. నూకరాజు వేల పలకలు కోశాడు. తను కోస్తుండగా ఒక్కటీ వినలేదు.

"నీకోసమే కట్టేను, ముందుగా ఇంట్లో కూడా పాడను, పలకలోనే విను అందండి. ఆస్పత్రి నుంచి వచ్చేక పక్కన కూచుని విందారని దాచేను. పెదాలు కదలడం చూసేనండి, అంతే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

ఆదివారం

శుక్రవారం రాసినదాంట్లో ఒక అబద్ధం ఉంది. "పట్టా మామూలుగానే ఉంది" అని రాశాను. లేదు. ముడి ఉంది. నున్నటి ముడి, రెండు చుట్లు తిప్పి చక్కగా వేసింది. కుర్రాళ్ళు అలా వెయ్యరు, అదీ చూశాను. చూసి కూడా విసుక్కుని చాకుతో కోశాను.

ఇంకో మాట కూడా దాచాను. ఆ చరణమయ్యాక లోవకుమారి ఊపిరి తీసుకున్నచోట, పాటలా కాకుండా మామూలుగా, మెల్లిగా ఒక మాట అంది. "నీకు వినబడదులే. నాకు భయమేత్తంది." అని, మళ్ళీ పాట అందుకుంది.

అతను తొక్కుతూ ఎదురుగానే ఉన్నాడు. చెవుల్లో మైనంతో ఆవిడ వంక చూసి నవ్వుతూ ఉండి ఉంటాడు. మొగుడికి చెప్పుకోలేని మాట ఐసుకి చెప్పుకుంది. తర్వాత అతనే వింటాడని తెలిసే చెప్పుకుంది. దాన్ని నేను గటగటా తాగేశాను. ఛీ, నా బతుకు.

బుధవారం. ఎండ చాలా ఉంది

బోర్డు తుడిచేసి ఇంట్లో కూచున్నాను. ధర్మారావు గారు కర్ర ఊపుకుంటూ వచ్చారు.

"ఏమ్మా, వినికిడి మానేత్తావా?"

"ఏ మొహం పెట్టుకుని వినమంటారు? ఊళ్ళో ఆవిడ ఆఖరి పాట విన్నది నేనొక్కదాన్నే."

"అదే అంటన్నాను. విన్నదానివి నువ్వొక్కదానివే. నా గొంతు నాలుగు జిల్లాలు వింటన్నాయి, ఎవడిక్కావాలి చెప్పు? ఆవిడ పాట ఒక్కడికి కావాలి. ఎళ్ళి ఇచ్చెయ్."

"ఎలా ఇస్తానండీ, మింగిందాన్ని?"

"నోరుంది కదమ్మా. ఊరందర్నీ తిట్టే నోరు" అని కర్రతో గుమ్మం చూపించారు.

గురువారం

లోవకుమారి ఇంటికొచ్చేసింది. మెడ చుట్టూ గుడ్డ, ఒళ్ళో రాతిపలకా బలపం. మెడకి కట్టే మాటల యంత్రం కోసం ఆస్పత్రివాళ్ళు పెద్దవలలోంచి ఒక గొంతు ఏరుకోమన్నారట. చెత్తబండి గొంతు నాకొద్దని రాసిచ్చి వచ్చేసిందట. నేను ముడి సంగతి చెప్పాను. చూసే కోశానని, నూకరాజు ముందే చెప్పాను. అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు.

లోవకుమారి నన్ను చాలాసేపు చూసింది. బలపం తీసింది. తిడుతుందనుకున్నాను.

"పాట ఎలా ఉంది?" అని రాసింది.

అమ్మ నా తల్లీ! గొంతు పోయింది, పలక పోయింది, దీనికి పాట ఎలా ఉందో కావాలి. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. బాగుందన్నాను, అన్నీ చెప్పాను, గీర దగ్గర్నుంచి ఊపిరి దాకా. అంతా విని "పాడు" అని రాసింది.

"నేనా? నేను నోరు తెరిస్తే రేవులో కొంగలు లేచిపోతాయి. పొన్నమండవాళ్ళ చెల్లెల్ని పిలువు, మంచి గొంతు."

"ఆ పిల్ల వినలేదు. నువ్వు విన్నావు."

పాడాను. రెండో మాటకే బల్ల మీద టక్కుమని కొట్టింది. తప్పు. మళ్ళీ పాడాను. మళ్ళీ టక్కు. చెయ్యి పైకెత్తితే స్వరం ఎత్తాలి, అరచెయ్యి తిప్పితే దించాలి. పదకొండేళ్ళు ఊళ్ళో అందరి తప్పులూ రాశాను. ఒక్క పూటలో అన్నీ నాకు తిరిగొచ్చేశాయి.

పౌర్ణమి దాటాక నాలుగో రోజు

మూడు వారాలుగా రోజూ మధ్యాహ్నం వెళ్తున్నాను. మేం పాడుకుంటుంటే నూకరాజు ఉప్పుటేరు అవతలికి పోయి కూచుంటాడు. పలకలోనే వినాలని ఆవిడ పంతం. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడు. "అన్నం తిన్నారా" అని మాత్రం అడుగుతాడు. మా వైపు ఎంత కోపమొచ్చినా ఆ ఒక్క మాట మానరు.

నిద్రలో కూడా పాటే. కలలో వీధి నిండా నీళ్ళు, నీళ్ళ మీద లోవకుమారి కూచుని చేత్తో స్వరాలు ఎత్తుతూ ఉంటుంది, ఎత్తినచోటల్లా నీళ్ళు లేస్తాయి. పొద్దున్న లేచి పంపు దగ్గర బిందె పెట్టినా ఆ పాట నడకలోనే నిండుతోంది.

ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆగిపోతున్నాను. ఇవాళ అడిగేశాను. "అది కూడా అనాలా?"

బలపం పట్టుకుని ఆలోచించింది. "అది పాట కాదు. అక్కడ ఊరుకో" అని రాసింది.

మంగళవారం. మంచు

పలక కోశాం.

తెల్లారగానే ఫ్యాక్టరీకి వెళ్ళాం. కొత్త దిమ్మ చీల్చారు, నురుగు లేని మంచి ఐసు. తొక్కేది ఎవరన్నది పేచీ. నూకరాజు తనే తొక్కుతానన్నాడు. లోవకుమారి వెళ్ళి తొక్కుడు చెక్క ముందు కూచుంది. నూకరాజు మైనం ముద్ద చేతికిచ్చాడు. అక్కర్లేదని తోసేసింది.

"వింటే కాలు తప్పుద్దే! పలకంతా వంకరయిపోద్ది" అన్నాడు.

పొమ్మని చెయ్యి ఊపింది. అతను బయటికి పోయాడు, మైనం ముద్ద చేతిలో నలుపుకుంటూ.

గొట్టం దగ్గర నోరు పెట్టాను. ఆవిడ తొక్కడం మొదలెట్టింది. పాడాను. గొంతు బొంగురు, పైస్థాయిలో చీలిపోయింది, ఏమైతేనేం పాడాను. అతను చెప్పినట్టే రెండో వరసకల్లా ఆవిడ కాలు పాటలో పడిపోయింది. తెడ్డు దగ్గర నిదానించింది, అడుగు దగ్గర తొందరపడింది. నేను ఆ కాలి వెంట వెళ్ళానో, అది నా వెంట వచ్చిందో తెలియదు. చరణమయ్యాక నేను ఊరుకున్నాను. ఆవిడ కాలు కూడా నెమ్మదించింది. దాదాపు ఆగిపోయింది. తర్వాత గట్టిగా తొక్కింది, మళ్ళీ అందుకున్నాను.

ఎండెక్కకముందే నూకరాజుని పిలిచాం. తిప్పుడు బల్ల ముందు కూచోబెట్టాం. ఏళ్ళ అలవాటు, చెయ్యి చెవిదాకా పోయి ఆగింది. నేనే ముల్లు ఆనించాను.

నా గొంతే వచ్చింది, కానీ పూర్తిగా నాది కాదు. కాలు తొందరపడ్డచోట గొంతు దిగింది, నిదానించినచోట పైకి లేచింది. నేను పట్టలేని వంపులన్నీ అక్కడున్నాయి. లోవకుమారి ఎక్కడ ఊగి పాడుతుందో అక్కడే పాట ఊగింది. నూకరాజు కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ ముఖం చూడలేదు, కింద చెక్క మీద ఉన్న ఆవిడ పాదం వైపు చెయ్యి చాపాడు.

ఆ చోటు వచ్చింది. ముల్లు ఐసు మీద తిరిగే చప్పుడు ఒక్కటే. అది సన్నబడి, సన్నబడి, లేదా అన్నంత అయ్యి, మళ్ళీ లేచింది.

పాట అయిపోయేదాకా నూకరాజు కదల్లేదు. అయిపోయాక నెమ్మదిగా అన్నాడు.

"మజ్జిలో ఓచోట నీకు భయమేసింది కదే?"

నేను బిత్తరపోయాను. నేను చెప్పలేదు, ఆవిడ రాయలేదు.

"ఎలా తెలిసిందిరా?"

"నేను తొక్కేవోణ్ణండి. కాలు అలా ఎప్పుడు ఆగుద్దో నాకు తెలవదా?" అన్నాడు. "నాకూ ఏసిందే. బుధారం నువ్వు పాడతంటే నవ్వుతానే తొక్కేను గానీ, లోపల నాకూ అదే భయం." ఆ మాట అంటూ ఆవిడ పాదం రెండు చేతులతో పట్టుకుని ఏడ్చేశాడు. ఆవిడకి ఏడిస్తే చప్పుడు రాదు. భుజాలు మాత్రం కదిలాయి.

గిన్నెలో నీళ్ళు వాళ్ళిద్దర్నీ తాగమన్నాను. సగం తాగి మిగతాది నాకిచ్చాడు. "తాగండక్కా. ఈసారి నేనే ఇత్తన్నాను" అన్నాడు. తాగాను. అక్కడే కూచుని నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

శుక్రవారం. పోటు నీళ్ళు మొదటి మెట్టు దాకా

పలకలు ఆరు. పొన్నమండవాళ్ళు ఈసారి నిజంగానే వాళ్ళ నాన్న చేత పాడించారు. బాగుంది, రాశాను.

చివర్న ఇంకొకటి రాశాను. "లోవకుమారి పాట. గొంతు వీరవేణిది, బొంగురు, నడక వంకర. పలకలు మిగల్లేదు." లేని పలకని బోర్డెక్కించడం మా పద్ధతి కాదు. అయినా విన్నది విన్నట్టు రాయకపోతే నేనెందుకు?

జనం మూగారు. వెనకనుంచి ధర్మారావు గారు "ఒక్కటీ మిగల్లేదామ్మా?" అంటున్నారు. అప్పుడే నూకరాజు పడవ వచ్చి ఆగింది. లోవకుమారి దిగి, బోర్డు మొత్తం చదివి, నా చేతిలోంచి సుద్దముక్క లాక్కుంది. "నడక వంకర" అన్నది కొంగుతో తుడిచేసింది. ఆ చోట "నడక నాది" అని రాసి సుద్దముక్క నాకిచ్చేసింది.

నా బోర్డు మీద వేరేవాళ్ళ చెయ్యి పడటం ఇదే మొదలు. తుడవలేదు, మళ్ళీ శుక్రవారం దాకా అలాగే ఉంటుంది.